పొదిగే వేడి, నుదుటి రాత

పుట్టబోయేది ఆడబిడ్డా, మగబిడ్డా అన్న ప్రశ్న మానవజాతికి ఎంత పాతదో, దానికి చెప్పుకొన్న జవాబులూ అంత పాతవి. అరిస్టాటిల్ వేడికి పెద్దపీట వేశాడు. తండ్రి బీజానికి తగినంత వేడి ఉంటే మగశిశువు, ఆ వేడి చాలకపోతే ఆడశిశువు కలుగుతుందని ఆయన వాదం. మన ఆయుర్వేద గ్రంథాలు శుక్రశోణితాలలో ఏది అధికమైతే ఆ లింగం ఏర్పడుతుందన్నాయి. పుంసవనం పేరిట ఒక సంస్కారమే వెలసింది. ఇక ఇళ్లలో పెద్దవాళ్లు గర్భిణి నడకను బట్టి, కడుపు దిగిన తీరును బట్టి, నోటికి కోరిన రుచిని బట్టి జోస్యాలు చెప్పారు. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో క్రోమోసోముల సంగతి తేలిన తరువాత ఈ జవాబులన్నీ అటక ఎక్కాయి. వైద్యవిద్యార్థులకు అరిస్టాటిల్ మాట నవ్వుకోవడానికి మాత్రమే మిగిలింది.

అయితే ఆ మాట పూర్తిగా వట్టిపోలేదు. మనిషి విషయంలో తప్పయినది పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, వాయవ్య భారతదేశపు రాతినేలల్లో తిరిగే ఒక బల్లి విషయంలో చాలావరకు నిజమైంది. బీజం వేడి కాదు గాని, గుడ్డు పొదిగే వేడి అక్కడ పిల్ల ఆడో మగో నిర్ణయిస్తుంది. అంతటితో ఆగకుండా దాని ఒంటి రంగునూ, కొంతవరకు స్వభావాన్నీ దిద్దుతుంది.

ఆ బల్లిని ఇంగ్లీషువారు లెపర్డ్ గెకో అంటారు. తెలుగులో చిరుతబల్లి అనుకోవచ్చు. 1854లో ఎడ్వర్డ్ బ్లైత్ దీనిని వర్ణించాడు. శాస్త్రీయనామం యూబ్లెఫారిస్ మాక్యులారియస్. వైద్యం చదివినవారికి ఈ పేరులోని రెండు ముక్కలూ పరిచితమైనవే. కనురెప్పల వాపును బ్లెఫరైటిస్ అంటారు. ఆ గ్రీకు ధాతువే ఇక్కడా ఉంది. రెటీనా నడుమ ఉండే పచ్చని చుక్కకు మాక్యులా అని పేరు. లాటిన్‌లో దాని అర్థం మచ్చ. చక్కని రెప్పలూ ఒంటినిండా మచ్చలూ కలది అని ఆ పేరుకు భావం. తెలుగు ఇళ్ల గోడల మీద కనిపించే బల్లికి కదిలే కనురెప్పలు లేవు. అది నాలుకతో కంటిని తుడుచుకుంటుంది. చిరుతబల్లి రెప్పలార్చి చూస్తుంది, కళ్లు మూసుకొని నిద్రపోతుంది. గోడబల్లి వేళ్ల కింద ఉండే అంటుకునే మెత్తలు దీనికి లేవు, కాబట్టి గోడలెక్కలేదు. లావుపాటి తోకలో కొవ్వు దాచుకొని కరువురోజులు గడుపుతుంది. జానెడు పొడవు, నెమ్మదైన నడక, చేతిమీదికి ఎక్కినా కంగారుపడని తీరు. ఈ గుణాల వల్ల అమెరికాలోనూ ఐరోపాలోనూ అది ఇంటింటి పెంపుడుజంతువైంది. ఇప్పుడు అమ్మకానికి వచ్చేవి చాలావరకు పెంపకందారుల దగ్గరే తరతరాలుగా పుట్టినవి.

ఆడబల్లి ఒక్కొక్క కాన్పుకు సాధారణంగా రెండేసి గుడ్లు పెడుతుంది. కోడిగుడ్డులా గట్టి పెంకు ఉండదు. తోలుకాగితంలా మెత్తని పొర. పెంపకందారు వాటిని తడి చేసిన వర్మిక్యులైట్ నింపిన చిన్న డబ్బాలో పెట్టి, వేడి స్థిరంగా ఉండే పెట్టెలోకి చేరుస్తాడు. చేర్చేముందు ప్రతి గుడ్డు పైభాగాన పెన్సిలుతో చిన్న గుర్తు పెడతాడు. పొదిగే కోడి రోజూ ముక్కుతో గుడ్లను తిప్పుతుంది. అలా తిప్పకపోతే పిండం పెంకుకు అంటుకుపోతుంది. బల్లిగుడ్డుకు ఆ న్యాయం వర్తించదు. అందులోని పిండం మొదటి రోజుల్లోనే పైపొరకు అతుక్కొని అక్కడే పెరుగుతుంది. ఆ తరువాత గుడ్డును తలకిందులు చేస్తే పిండం చనిపోయే ప్రమాదం ఉంది. కోళ్లు పెంచిన చేతులు బల్లిగుడ్ల దగ్గర మరచిపోవలసిన మొదటి అలవాటు అది.

ఇక అసలు విషయం. పెట్టె వేడిని 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపితే పుట్టే పిల్లలు దాదాపు అన్నీ ఆడవి. 30 డిగ్రీల దగ్గర నాలుగింట మూడు వంతులు ఆడవి, ఒక వంతు మగవి. 32.5 డిగ్రీల దగ్గర లెక్క తలకిందులై నాలుగింట మూడు వంతులు మగవి. వేడి పెరిగినకొద్దీ మగవి పెరుగుతాయని ఇక్కడ తీర్మానించేవారికి ప్రకృతి మరొక మెలిక పెట్టింది: 34, 35 డిగ్రీలకు చేరితే మళ్లీ దాదాపు అన్నీ ఆడవే. అడుగున ఆడ, నడుమ మగ, పైన ఆడ. మగపిల్లల రాశి ఒక ఇరుకైన కొండశిఖరం వంటిది. అటు జారినా ఇటు జారినా ఆడపిల్లలే. ఒక్క తల్లి ఒక్క కాన్పులో పెట్టిన జంటగుడ్లను రెండు పెట్టెల్లోకి విడదీస్తే ఒకటి అక్క, రెండోది తమ్ముడు కావచ్చు. నిజానికి తమ్ముడే ముందు పుడతాడు. వెచ్చని గుడ్డు ఆరేడు వారాలలో పగిలితే, చల్లని గుడ్డుకు రెండు నెలల పైమాటే.

ఈ రహస్యం మొదట బయటపడింది చిరుతబల్లిలో కాదు. 1966లో సెనెగల్ రాజధాని డకార్‌లో పనిచేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞురాలు మాడెలీన్ షార్నియే, అక్కడి తొండలాంటి అగామా బల్లి గుడ్లను వేర్వేరు వేడిమిలో పొదిగించి, పిల్లల ఆడమగ లెక్క మారుతోందని ప్రకటించింది. అప్పట్లో ఆ మాటను పట్టించుకున్నవారు కొద్దిమంది. తరువాతి పదిహేనేళ్లలో తాబేళ్లు, మొసళ్లు ఒక్కొక్కటే ఆ జాబితాలో చేరాయి. 1982లో ఫెర్గుసన్, జోనెన్ అమెరికన్ ఆలిగేటర్ సంగతి తేల్చారు: 30 డిగ్రీలు, అంతకు తక్కువైతే అన్నీ ఆడవి, 34, అంతకు ఎక్కువైతే అన్నీ మగవి. మద్రాసు సమీపంలోని క్రొకడైల్ బ్యాంకులో మన మగర్ మొసలి గుడ్లను పరిశీలించి 1989లో ప్రకటించిన ఫలితాలు మరింత ఆశ్చర్యకరం. 28 నుంచి 31 డిగ్రీల వరకు ఆడపిల్లలు తప్ప మరొకటి లేదు, 32.5 దగ్గర అన్నీ మగవి. ఆ అంకెకు అటూ ఇటూ అర డిగ్రీ తేడాలో రెండూ కలగలుపు. ఒకటిన్నర డిగ్రీ అంటే మనిషికి నలత జ్వరం పాటి తేడా. ఆ పాటి తేడా ఒక మొసలి ఆడమగ భవితవ్యాన్ని మార్చివేస్తుంది.

వేడి ఈ పని ఎలా చేస్తుంది? పిండంలో మొదట ఏర్పడే బీజకోశం ఇటు అండాశయమూ కాదు, అటు వృషణమూ కాదు. రెండింటికీ తలుపులు తెరిచి ఉంచిన గది. పొదుగుకాలాన్ని మూడు భాగాలు చేస్తే నడిమి భాగంలో ఆ తలుపుల్లో ఒకటి మూసుకుంటుంది. ముందు వారాల వేడిగాని, చివరి వారాల వేడిగాని ఆ తీర్పును పెద్దగా మార్చలేవు. తీర్పులో కీలకపాత్ర అరోమటేజ్ అనే ఎంజైముది. పురుష హార్మోనును స్త్రీ హార్మోనుగా మార్చే ఎంజైము అది. రొమ్ము కేన్సరుకు చికిత్స పొందే ఎందరో స్త్రీలు రోజూ వేసుకొనే లెట్రజోల్ వంటి మాత్రలు అడ్డుకునేది దీనినే. తాబేలుగుడ్డు పెంకుమీద ఈస్ట్రోజెన్ చుక్క వేస్తే, మగపిల్ల పుట్టవలసిన వేడిలోనూ ఆడపిల్ల పుడుతుంది. ఆడపిల్ల పుట్టవలసిన వేడిలో అరోమటేజ్‌ను అడ్డుకునే మందు వేస్తే మగపిల్ల పుట్టవచ్చు. ఆసుపత్రి ఫార్మసీలో దొరికే మందుకూ, ఇసుకలో కప్పి ఉన్న గుడ్డుకూ ఇంత దగ్గర చుట్టరికం.

వేడికీ జన్యువుకూ నడుమ ఉన్న మెట్లు ఈమధ్యనే స్పష్టమయ్యాయి. ఎర్రచెవుల తాబేలు మీద 2018లో వెలువడిన పరిశోధన కేడీఎమ్6బి అనే జన్యువును పట్టుకుంది. మూతపడి ఉన్న జన్యువుల తాళం తీసే పని దానిది. చల్లని గుడ్డులో అది చురుకుగా ఉండి, వృషణాన్ని నిర్మించే జన్యువును మేల్కొలుపుతుంది. దానిని అణచివేస్తే, మగవిగా పుట్టవలసిన పిండాల్లో అత్యధికం అండాశయం వైపు మళ్లాయి. వెచ్చని గుడ్డులో కాల్షియం కణాల్లోకి చేరి, స్టాట్3 అనే ప్రోటీనును ఉత్తేజపరచి, దానిద్వారా కేడీఎమ్6బి నోరు నొక్కుతుందని 2020లో అదే బృందం చూపింది. జన్యువులో అక్షరం ఒక్కటీ మారలేదు. ఏ పుట తెరవాలో, ఏ పుట మూయాలో మాత్రం వేడి చెప్పింది. ఆ తాబేలులో చలువ మగపిల్లలను, వేడి ఆడపిల్లలను ఇస్తుందన్నది గమనించదగిన సంగతి. చిరుతబల్లిలో లెక్క వేరు. ఒకే తాళంచెవిని వేర్వేరు జాతులు వేర్వేరు వైపులకు తిప్పుకున్నాయి.

రంగు సంగతి పెంపకందారులు శాస్త్రజ్ఞుల కంటె ముందే పట్టుకున్నారు. ఒకే జంటకు పుట్టిన పిల్లల్లో చల్లని పెట్టెలోనివి ముదురుగా, నల్లమచ్చలు దట్టంగా వస్తాయి. వెచ్చని పెట్టెలోనివి లేతగా, పసుపు ప్రస్ఫుటంగా వస్తాయి. ట్రెంపర్ పేరిట పిలిచే ఆల్బినో వంశంలో ఈ తేడా కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది: చల్లగా పొదిగితే చాక్లెట్ రంగు చారలు, వెచ్చగా పొదిగితే లేత గులాబీ, నిమ్మపండు రంగులు. వేడికీ నలుపుకూ ఉన్న ఈ వైరం సయామీ పిల్లిని చూసినవారికి కొత్తకాదు. దాని ఒంట్లో మెలనిన్ తయారుచేసే ఎంజైము వేడిలో పనిచేయలేదు, చల్లదనంలోనే పనిచేస్తుంది. అందుకే కడుపు తెల్లగా ఉండి, చల్లగా ఉండే చెవులూ ముక్కూ తోకా పాదాలూ నల్లబడతాయి. సయామీ పిల్లిలో ఆ నాటకం జీవితాంతం సాగుతుంది. చిరుతబల్లిలో చాలావరకు గుడ్డులోనే ముగుస్తుంది. ఇందువల్ల సంతలో కొనేవాడికి ఒక చిక్కు వచ్చిపడింది. ముచ్చటైన పసుపు పిల్లను చూసి, ఆ రంగు వంశానిదో పెట్టెదో చెప్పడం కష్టం. వంశానిదైతే తరువాతి తరానికి అందుతుంది. పెట్టెదైతే ఆ ఒక్క ప్రాణితోనే పోతుంది.

స్వభావం మాట ఇంకా విచిత్రం. టెక్సస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్ బృందం ఏళ్ల తరబడి ఈ బల్లులను గమనించింది. మగపిల్లలు ఎక్కువగా పుట్టే వేడిలో పుట్టిన ఆడబల్లులు, చల్లని పెట్టెలో పుట్టిన ఆడబల్లుల కంటె కలహశీలమైనవి. మగవాటికి అంతగా నచ్చనివి. బాగా వేడి పెట్టెలో పుట్టిన ఆడవి మగలక్షణాలు కొన్ని కనబరచాయి. మగబల్లుల్లోనూ 32.5 డిగ్రీలలో పుట్టినవి కొట్లాటకు ముందుంటే, 30 డిగ్రీలలో పుట్టినవి జతకట్టడానికి ముందున్నాయి. మెదడులోని కొన్ని భాగాల చురుకుదనంలో కూడా తేడాలు కనిపించాయి. ఆడ, మగ అనే రెండు పెట్టెల్లో ప్రాణులన్నిటినీ సర్దివేయడం అలవాటైన బుద్ధికి ఇది చిన్న కుదుపు. ఒక్కొక్క పెట్టెలోపల ఎన్నో అరలు ఉన్నాయి. ఆ అరల్లో కొన్నిటికి పుట్టకముందు తగిలిన వెచ్చదనమే చిరునామా. క్రూస్ ప్రయోగాల్లో తల్లి ప్రవర్తనకు తావులేదు, తోబుట్టువుల పోటీకి తావులేదు. తల్లి గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. మిగిలినది ఉష్ణమాపకం ఒక్కటే.

డాలస్ నగరపు శివార్లలో ఒక తెలుగింట పన్నెండేళ్ల అమ్మాయి ఈ బల్లులను పెంచుతోంది. తెనాలి నుంచి ఆరునెలల కోసం వచ్చిన అమ్మమ్మకు తొలిరోజున ఆ గాజుపెట్టెను చూడగానే ఒళ్లు జలదరించింది.

"ఏమే తల్లీ, బల్లిని ఎవరైనా తెచ్చిపెట్టుకుంటారా? మీద పడితే ఏ దోషమో ఏమో!"

"అమ్మమ్మా, ఇది గోడ ఎక్కలేదు. ఎక్కనిది మీద ఎట్లా పడుతుంది?"

బల్లిశాస్త్రంలో ఈ సందర్భానికి శ్లోకం లేదు. అమ్మమ్మ ఒక వారం దూరంగానే ఉండి, రెండోవారం నుంచి పెట్టె పక్కన కుర్చీ వేసుకోవడం మొదలుపెట్టింది. పిండిపురుగులు వేసే వేళకు తానే పిలిచేది. మూడోవారంలో గుడ్లు వచ్చాయి. అమ్మాయి పెన్సిలు గుర్తులు పెడుతూ, ఒక గుడ్డును తక్కువ వేడి పెట్టెలోనూ ఇంకొకటి ఎక్కువ వేడి పెట్టెలోనూ ఉంచబోతున్నానని చెప్పింది. ఎందుకని ఆమె అడిగింది. అమ్మాయి చెప్పింది. ఆమె మళ్లీ అడిగింది. అమ్మాయి మళ్లీ చెప్పింది.

చాలాసేపటికి అమ్మమ్మ అన్నది: "అయితే తల్లి చేసింది ఏమీ లేదన్నమాట."

ఆమెకు నలుగురు కూతుళ్లు. రెండో కాన్పు తరువాత అత్తగారు పలకడం మానేసింది. మూడో కాన్పుకు మొక్కులు, నాగప్రతిష్ఠ. నాలుగో కాన్పు తరువాత భర్తకు రెండో సంబంధం చూడాలన్న మాట ఇంట్లో బాహాటంగానే నడిచింది. ఆయన ఒప్పుకోలేదు గాని, వద్దని గట్టిగా అనలేదు కూడ. ఈ సంగతులేవీ మనవరాలికి తెలియవు. వంటింట్లో ఉన్న కూతురికి తెలుసు. ఆ నలుగురిలో ఆమె చివరిది. ఆమె చెయ్యి తుడుచుకొని వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"మనుషుల్లో వేడి కాదమ్మా. తండ్రి నుంచి వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. తల్లి నుంచి వచ్చేది ఎప్పుడూ ఒకటే. అది కూడ ఆయన చేతిలో ఉన్నది కాదు."

"ఆ ముక్క అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది," అని ఆమె పురుగుల డబ్బా మూత పెట్టింది.

ఆ మూతకింద ఉన్న పురుగులకు ఈ కథలో ఒక పెద్ద స్థానం ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తట్టి ఉండదు. చిరుతబల్లులకు మేతగా వేసే పిండిపురుగులు టెనెబ్రియో అనే పెంకుపురుగు పిల్లలు. 1905లో అమెరికాలోని బ్రిన్ మార్ కళాశాలలో నెటీ స్టీవెన్స్ అనే శాస్త్రజ్ఞురాలు ఆ పురుగుల కణాలను సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టింది. ఆడపురుగు కణంలో 20 పెద్ద క్రోమోసోములు; మగపురుగు కణంలో 19 పెద్దవి, ఒకటి చిన్నది. ఆ చిన్నదానిని మోసుకొచ్చిన వీర్యకణం మగపురుగును, పెద్దదానిని మోసుకొచ్చినది ఆడపురుగును ఇస్తాయని ఆమె తేల్చింది. అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ స్వతంత్రంగా ఆ దిశకే చేరాడు. చాలాకాలం కీర్తిలో పెద్దవాటా ఆయనకే వెళ్లింది. స్టీవెన్స్ 1912లో, యాభై ఏళ్లు నిండీ నిండకుండానే, రొమ్ము కేన్సరుతో మరణించింది. మనుషుల్లో మగలక్షణానికి మీట నొక్కే ఎస్ఆర్‌వై జన్యువు వై క్రోమోసోము మీద దొరికింది 1990లో. ఆ జన్యువు దొరకడానికి ఎనభై అయిదేళ్ల ముందే, తండ్రి కణమే తేల్చుతుందన్న సంగతి ఒక పిండిపురుగు సాక్షిగా అచ్చయి ఉంది. తెనాలి దాకా అది నడిచి రాలేదు.

అది రాకముందే స్కానింగు యంత్రం వచ్చింది. లింగనిర్ణయం ఎలా జరుగుతుందో తెలియని ఇళ్లకు, జరిగిపోయిన నిర్ణయాన్ని చూపించే పరికరం ముందు చేరింది. దాని ఫలితం దేశానికంతటికీ తెలిసినదే. 1994లో గర్భస్థ లింగపరీక్షలను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. 2001 జనగణనలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 927 మంది మాత్రమే. 2011 నాటికి ఆ సంఖ్య మరింత తగ్గింది. బల్లుల పెంపకందారు వేడిమీట తిప్పి ఆడపిల్లలనే ఎక్కువగా పుట్టించుకుంటాడు. కారణం స్పష్టం: మగవి రెండు ఒకచోట ఉంటే కొట్టుకు చస్తాయి, ఒక మగదానికి పలు ఆడవి చాలు, గుడ్లు పెట్టేవి అవే. అక్కడ ఆడపిల్లకు గిరాకీ. ఆ గిరాకీ వెనుక గౌరవం ఏమీ లేదు, వట్టి లాభనష్టాల లెక్క. మనుషుల లెక్క కూడ వంశం, వాటా, కట్నం అనే అంకెల మీదే నడిచింది. మొగ్గు మాత్రం రెండోవైపుకు. ఎంచుకునే మీట చేతికి అందిన ప్రతిచోటా తూకం ఏదో ఒకవైపు ఒరగడం చూసినప్పుడు, ఆ మీట మనుషుల శరీరాల్లో ఎవరి చేతికీ అందకపోవడం గొప్ప మేలుగా తోస్తుంది.

రంగుల విషయంలో మీట అందింది. అక్కడ ఏమి జరిగిందో చూడవచ్చు. అరుదైన రంగుకు అధిక ధర. అందువల్ల దగ్గరి బంధువులను జతకట్టించి, వింత రంగులను వంశపారంపర్యం చేసే వ్యాపారం పెరిగింది. ఎనిగ్మా అనే వంశం మచ్చల తీరుకు పేరు పొందింది. దానితోపాటే తల వాలిపోవడం, గిరగిర ఒకేచోట తిరగడం, పురుగును గురిచూసి పట్టలేకపోవడం వంటి నాడీలోపాలు వచ్చాయి. లెమన్ ఫ్రాస్ట్ కథ మరింత స్పష్టమైన పాఠం. మంచు చల్లిన నిమ్మపండు రంగు, మెరిసే తెల్లదనం. చూసినవారు వేలకువేల డాలర్లు పోశారు. కొంతకాలానికి వాటి చర్మం మీద తెల్లని గడ్డలు లేచాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజలెస్ శాఖలో జన్యుశాస్త్రజ్ఞులు పరిశీలించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఆ వంశపు బల్లుల్లో నూటికి 80కి పైగా కణితులు వచ్చాయి. కణితులు పుట్టింది మెరుపునిచ్చే ఇరిడోఫోర్ కణాల నుంచి. లోపం ఉన్నట్టు తేలిన జన్యువు స్పింట్1; మనిషిలోనూ కణితులను అదుపులో ఉంచే జన్యువుల్లో అది ఒకటి. ఏ కణాలు మితిమీరి పెరగడం వల్ల ఆ బల్లికి అందం వచ్చిందో, ఆ కణాలే దాని ప్రాణం తీశాయి. ఆ రంగును మెచ్చుకున్న కన్నూ దానిలో వ్యాధిని గుర్తించిన కన్నూ చూసింది ఒకే చర్మాన్ని.

ఈ దారుణం పక్కన వేడి ఇచ్చే రంగు చాలా అమాయకమైనది. జన్యువును అది ముట్టుకోదు; తరువాతి తరం మీద బరువు మోపదు. ఒక పిల్ల ఒంటిమీద ఒక ఋతువు జ్ఞాపకంగా మిగిలిపోతుంది, అంతే.

ప్రకృతి ఇంత ముఖ్యమైన నిర్ణయాన్ని వాతావరణం చేతికి ఎందుకు వదిలింది? చార్నోవ్, బుల్ 1977లో ఒక సమాధానం ప్రతిపాదించారు: ఏ వేడిలో పుడితే ఏ లింగం ఎక్కువ సంతానం కనగలదో, ఆ వేడిలో ఆ లింగమే పుట్టడం జాతికి లాభం. చెప్పడం తేలిక, నిరూపించడం కష్టం. ఎందుకంటే ఆడవి పుట్టే వేడిలో మగవి పుట్టవు, ఇక పోల్చేది దేనిని? ఆస్ట్రేలియాలో వార్నర్, షైన్ ఆ చిక్కును ఒక మందుతో విప్పారు. అరోమటేజ్‌ను అడ్డుకొని అన్ని వేడిమిలలోనూ మగ జాకీ డ్రాగన్లను పుట్టించి, ఆరుబయట వదిలి, వాటి సంతానాన్ని లెక్కించారు. సహజంగా మగవి పుట్టే వేడిలో పుట్టిన మగవే ఎక్కువ పిల్లలకు తండ్రులయ్యాయని 2008లో తేలింది. లక్షల ఏళ్ల పాటు సాగిన ఋతువుల లెక్క అందులో ఇమిడి ఉంది.

ఆ లెక్క ఇప్పుడు తప్పుతోంది. ఆస్ట్రేలియా తీరపు గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరభాగంలో పుట్టిన పచ్చ సముద్రతాబేళ్లను పరిశీలించి 2018లో ప్రకటించిన అంకెలు ఆలోచింపజేస్తాయి. పెద్దవాటిలో ఆడవి నూటికి 87. పిల్లతాబేళ్లలో నూటికి 99కి పైగా. ఇసుక వేడెక్కింది, మగపిల్లలు దాదాపు పుట్టడం మానేశాయి. న్యూజిలాండ్ దీవుల్లోని టువాటారాలో వేడి ఎక్కువైతే మగవి పుడతాయి కనుక అక్కడ భయం అటువైపు. ఆంధ్ర తీరంలో శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా చలికాలం చివర గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. కుక్కల బారినుంచి, అలల కోతనుంచి కాపాడడానికి స్వచ్ఛంద కార్యకర్తలు, అటవీశాఖ సిబ్బంది ఆ గుడ్లను తవ్వి తెచ్చి కంచె వేసిన ఇసుకమడిలో పాతిపెడతారు. ఆ మడి ఎండలో ఉన్నదా, పాకనీడలో ఉన్నదా, గుంట ఎంత లోతు తవ్వారన్నది చిన్న విషయాలుగా కనబడతాయి. కాని పుట్టే పిల్లల్లో ఆడెన్ని మగెన్ని అన్నది వాటిమీదే ఆధారపడి ఉంది. ప్రాణం కాపాడే చేతికి కూడ, తెలిసో తెలియకో, ఆ వేడిమీట అందింది.

చిరుతబల్లి దూరదేశపు జంతువని తెలుగువారు అనుకోనక్కరలేదు. దాని దాయాదులు తూర్పు కనుమల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, ఒడిశా కొండల్లో కనిపించే ఒక రకాన్ని యూబ్లెఫారిస్ పిక్టస్ అనే పేరుతో 2022లో కొత్త జాతిగా వర్ణించారు. పిక్టస్ అంటే చిత్రించినది. పగలు రాతిపగుళ్లలో దాక్కొని, రాత్రి నెమ్మదిగా పురుగుల వేటకు బయలుదేరే సాధుప్రాణి, విషం లేదు. అయినా విషప్రాణి అనే భయంతో కనబడినచోట కొట్టి చంపడం ఉంది. ఆ కొండల్లో థర్మోస్టాట్ పెట్టెలు లేవు, పెన్సిలు గుర్తులు లేవు. రాయి దొలిపించకుండా, చెట్టు నరకకుండా, నేలను నిప్పుపెట్టకుండా వదిలితే గుడ్డుకు కావలసిన చలువ అక్కడే ఉంటుంది.